రాజ్యాంగ సభలోని మహిళలు రిజర్వేషన్లు వద్దనడం పొరపాటా?

తిరుపతి, చరిత్ర అధ్యాపకురాలు:

2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలోనూ శాసనసభల్లోనూ మూడింట ఒక వంతు స్థానాలను మహిళలకు కేటాయించింది. అప్పటి నుంచి నా తరగతిలోని అమ్మాయిలు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: రాజ్యాంగ సభలో 15 మంది మహిళలు సభ్యులుగా ఉన్నప్పుడే ఈ పని ఎందుకు జరగలేదని. అడిగినా ఎవరూ ఇవ్వలేదేమో అనుకుంటారు. వద్దన్నది ఆ మహిళలేనని చెబితే నివ్వెరపోతారు. తాను సభ్యురాలైన మహిళా సంస్థ ఏనాడూ ప్రత్యేక స్థానాలు కోరలేదనీ, కోరింది సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయమేననీ 1946 డిసెంబరులో హంసా మెహతా సభకు చెప్పారు. 1947 జూలైలో రేణుకా రే కూడా అదే వైఖరి తీసుకున్నారు.

ఆ మహిళల మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అయినా వారి నిర్ణయం తప్పనే నా అభిప్రాయం. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి సంగతే చూడండి. రాజ్యాంగ సభకు అధ్యక్షత వహించేందుకు ఏర్పరచిన ప్యానెల్‌లో ఆమె ఒక్కరే మహిళ. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుంచి 30 ఏళ్లకు తగ్గించాలని సవరణ పెట్టి నెగ్గించుకున్నారు. అంతటి ఆమె 1952 ఎన్నికల్లో పార్లమెంటుకు గెలవలేకపోయారు. ఆమెలాగే మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు వెళ్లిన మన తిరుచానూరు అనంతశయనం అయ్యంగార్ అదే ఎన్నికల్లో తిరుపతి నుంచి గెలిచి ఉపసభాపతి అయ్యారు. ఆయన అర్హతను నేను ప్రశ్నించడం లేదు. కానీ దుర్గాబాయికే దారి దొరకని చోట పేరూ పలుకుబడీ లేని ఆడవాళ్లకు దొరుకుతుందని ఎలా అనుకున్నారు? మొదటి లోక్‌సభలో మహిళలు సుమారు 5 శాతం. 1977లో 19 మందే మిగిలారు. 2024లో సైతం 543 స్థానాలకు గెలిచినవారు 74 మంది.

మదనపల్లె, విశ్రాంత ఉపాధ్యాయుడు:

అధ్యాపకురాలు గారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. అయితే 1952 ఫలితాలను చేతిలో పెట్టుకుని 1946లో మాట్లాడినవారిని తప్పుపట్టడం న్యాయం కాదు. వారు ఏ అనుభవంతో ఆ మాట అన్నారో చూడాలి.

ఆ కథలో మా ఊరికీ కొంత చోటుంది. ఇక్కడి థియొసాఫికల్ కళాశాల ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్‌ను 1919లో జనగణమనకు స్వరలిపి కూర్చిన మనిషిగా అందరూ తలుచుకుంటారు. అంతకు రెండేళ్ల ముందే, 1917 డిసెంబరులో, సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం మద్రాసులో బ్రిటిషు ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఓటుహక్కు అడగడానికి ఏర్పాట్లు చేసినది కూడా ఆమేనన్న సంగతి మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. బ్రిటిషువారు చేసిన 1919 భారత ప్రభుత్వ చట్టం ఆ హక్కును నేరుగా ఇవ్వకుండా రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. 1921లో మద్రాసు శాసనమండలి అందరికంటే ముందు ఒప్పుకుంది. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగమైన మన ఉమ్మడి చిత్తూరు జిల్లా స్త్రీలకూ ఆ విధంగా ఓటు వచ్చింది గానీ, ఆస్తి ఉన్న కొద్దిమందికే.

తరువాత 1935 చట్టం స్త్రీలకు ప్రత్యేక స్థానాలు ఇచ్చింది. ఎలా ఇచ్చింది? మతాల వారీగా పంచి ఇచ్చింది. భర్త ఆస్తిని బట్టి భార్యకు ఓటు ఇచ్చింది. అఖిల భారత మహిళా సభ అంతకుముందు నుంచే వయోజనులందరికీ ఓటు కావాలనీ, ప్రత్యేక స్థానాలు వద్దనీ పట్టుబడుతూ వచ్చింది. దేశ విభజన నెత్తురు కళ్లముందు పారుతున్న రోజుల్లో, స్త్రీలను మళ్లీ ఒక వేరు వర్గంగా విడదీయడానికి వారు ఒప్పుకోలేదు. దీన్ని అమాయకత్వం అంటే నాకు బాధగా ఉంటుంది.

చిత్తూరు, న్యాయవాది:

మహిళలందరూ ఒకే మాట మీద ఉన్నారన్నట్టు మీరిద్దరూ రాస్తున్నారు. భారత రాజ్యాంగ సంస్కరణలపై 1930లో లండన్‌లో మొదలైన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన రాధాబాయి సుబ్బరాయన్, బేగం షానవాజ్ కొంతకాలానికైనా ప్రత్యేక స్థానాలు ఉండాలని కోరారు. ఆ రాధాబాయి గారే 1938లో కేంద్రంలోని కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌కు ఎన్నికైన తొలి మహిళ. 1949 అక్టోబరులో పూర్ణిమా బెనర్జీ రాజ్యాంగ సభలో, మహిళా సభ్యురాలి స్థానం ఖాళీ అయితే దాన్ని మహిళతోనే నింపాలని అడిగారు. రిజర్వేషన్ అనే మాట వాడకపోయినా, ఖాళీ అయిన కుర్చీ మళ్లీ ఆడవాళ్లకు దక్కదన్న భయం అప్పటికే ఉందన్నమాట.

ఇంకొక సంగతి. ఫిన్లాండ్‌లో 1907లో ఏ రిజర్వేషనూ లేకుండానే 200 మంది సభ్యుల పార్లమెంటుకు 19 మంది మహిళలు ఎన్నికయ్యారు. అక్కడ ఒక్కో నియోజకవర్గం నుంచి పలువురు గెలుస్తారు, కాబట్టి పార్టీ పదిమందిని నిలబెట్టేటప్పుడు ఇద్దరు ముగ్గురు స్త్రీలను చేర్చడానికి వెనకాడదు. మన దగ్గర ఒక నియోజకవర్గానికి ఒకే టికెట్టు. ఆ ఒక్కటీ మగవాడికే ఇస్తారు. మనం నిందించవలసినది టికెట్లు పంచినవారిని.

చంద్రగిరి మండలం, గృహిణి:

చరిత్ర నాకు మీ అంతగా తెలియదు. 1995 పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు మహిళలకు కేటాయించినందువల్ల మా అమ్మ సభ్యురాలైంది. మొదటి ఆరునెలలు మా నాన్నే సమావేశాలకు వెళ్లి వచ్చేవాడు. ఆమె ఇంట్లో సంతకం పెట్టేది. ఒక వేసవిలో బోరు ఎండిపోయి, నీళ్ల కోసం ఆడవాళ్లు బిందెలతో మా గడప ముందు నిలబడ్డారు. మరుసటి సమావేశానికి అమ్మే వెళ్లింది. ఆ తరువాత నాన్న ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ వార్డును కేటాయించకపోతే అమ్మను నిలబడమని ఊళ్లో ఎవరూ అడిగేవారు కారు. ఆనాటి పెద్ద చదువుల ఆడవాళ్లకు రిజర్వేషన్ చిన్నతనంగా తోచి ఉండవచ్చు. మా అమ్మకు అలా తోచలేదు.

తిరుపతి, చరిత్ర అధ్యాపకురాలు:

చెల్లీ, నువ్వు రాసినది మా అమ్మాయిలకు చదివి వినిపిస్తాను.

మాస్టారు గారూ, మీరు చెప్పిన మతాల విభజన సంగతికి నేను తగినంత విలువ ఇవ్వలేదు, ఒప్పుకుంటున్నాను. 1946లో వారు ఎదిరించినది బ్రిటిషువారు పంచిన తరహా స్థానాలను అన్నది సరైన మాటే. నా అభ్యంతరం ఇప్పుడు ఆ తరువాతి పాతికేళ్ల మీదికి మళ్లింది. మొదటి ఎన్నికల జాబితాల్లో తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్న కారణంగా సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తొలగించవలసి వచ్చింది. పేరే బయటికి చెప్పలేని ఓటరు ఉన్న దేశంలో ఒట్టి సమానత్వం సరిపోదని అప్పుడే తెలిసింది. అయినా ఆ ప్రశ్నను మళ్లీ తెరవలేదు. 1974లో స్త్రీల స్థితిగతులపై నివేదిక ఇచ్చిన కమిటీ కూడా చట్టసభల్లో రిజర్వేషన్‌ను సిఫారసు చేయలేదు. వీణా మజుందార్, లోతికా సర్కార్ మాత్రం విడిగా అసమ్మతి రాశారు. రాజ్యాంగం ఇచ్చిన సమానత్వం వల్ల పైకి వచ్చినవారే, అది అందరికీ అందలేదని ఒప్పుకోవడానికి 1974 వరకు పట్టింది. ఆ తరువాత మొదటి బిల్లు 1996లో వచ్చింది.

న్యాయవాది గారూ, టికెట్ల గురించి మీరన్నది నిజమే. కాబట్టే కేటాయింపు కావాలంటున్నాను. పార్టీ మనసు మారేదాకా ఎదురుచూసిన ఫలితం 74 మంది. 2023 సవరణ కూడా జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన జరిగిన తరువాతే అమలు కావాలని రాసుకున్నది. అమలైనాక దాని గడువు 15 ఏళ్లు. అందుకని మా విద్యార్థినులకు ఈసారి ఇచ్చే ప్రశ్న మార్చాను: ఆ 15 ఏళ్లలో గెలిచినవారు, గడువు తీరాక కేటాయింపు లేని స్థానంలో నిలబడితే, దుర్గాబాయికి 1952లో జరిగినది మళ్లీ జరగకుండా పార్టీలు ఏం చేయాలి?