అప్‌డేట్: అసమాన మాధ్యమంలో డెటనేషన్ తరంగ వేగం ఎందుకు పెరిగింది?

మొత్తం ఉష్ణశక్తిని మార్చకుండా, దానిని మాధ్యమమంతా సమంగా పరచడానికి బదులు అక్కడక్కడా కుప్పలుగా ఉంచితే, నా ఏకమితీయ (ఒకే దిశలో కదలికను చూసే) గణనలో డెటనేషన్ తరంగపు (ధ్వనికన్నా వేగంగా, షాక్‌తో కలిసి సాగే దహన తరంగం) సగటు వేగం చాప్‌మన్-జూగె వేగాన్ని (సమమైన మాధ్యమంలో నిలకడగా సాగే డెటనేషన్‌కు సిద్ధాంతం చెప్పే వేగం) మించిపోతోందని, ఇది ప్రోగ్రామ్‌లోని పొరపాటేమోనని లోగడ అడిగాను. గ్రిడ్‌ను (గణన కోసం మాధ్యమాన్ని విభజించిన గళ్లను) మరింత సూక్ష్మం చేసి చూడమని సలహా ఇచ్చినవారికి కృతజ్ఞతలు.

మూడుసార్లు సూక్ష్మం చేసినా ఆ అదనపు వేగం తగ్గలేదు. కనుక అది పొరపాటు కాదని నమ్ముతున్నాను. చాప్‌మన్-జూగె సిద్ధాంతం, ధ్వనివేగ తలాన్ని (తరంగంతో పోలిస్తే ప్రవాహ వేగం అక్కడి ధ్వనివేగానికి సమానమయ్యే చోటు) చేరేసరికి ప్రవాహం సమతాస్థితికి వచ్చి ఉంటుందని భావిస్తుంది. ఇక్కడ ప్రతి కుప్పా దహనమైనప్పుడు ముందుకొక చిన్న పేలుడు తరంగాన్ని పంపి డెటనేషన్ ముందుభాగంలోని షాక్ తరంగాన్ని (పీడనం ఒక్కసారిగా పెరిగే చోటు) బలపరుస్తుంది. కుప్పల నడుమ ఖాళీలో షాక్ మళ్లీ బలహీనపడుతుంది. ఈ ఒడిదుడుకులు పూర్తిగా సద్దుమణగక ముందే ప్రవాహం ఆ తలాన్ని దాటిపోవడం వల్ల సగటు వేగం సమరూప మాధ్యమపు విలువకు కట్టుబడి ఉండదు.

నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్నది దూరాల నిష్పత్తి. కుప్పల మధ్య దూరం రసాయనచర్య మండలపు (షాక్ వెనుక దహనం జరిగే ప్రాంతం) పొడవుకన్నా బాగా తక్కువైతే తరంగం వాటిని విడివిడిగా గుర్తించదు, వేగం చాప్‌మన్-జూగె విలువకే తిరిగి వస్తుంది. నిజానికి నేను మొదట సగటు ధర్మాలనే చూశాను. చూడవలసింది ఈ నిష్పత్తిని.

ద్విమితీయ గణన ఇంకా మిగిలి ఉంది. అందులో సహజంగా ఏర్పడే కణనిర్మాణం (డెటనేషన్ తరంగం ఏర్పరిచే గళ్లలాంటి నమూనా) ఈ అసమానతలతో ఎలా కలుస్తుందో ఇప్పుడు పరిశీలిస్తున్నాను.