1769లో మద్రాసు పొలిమేర దాకా వెళ్లిన హైదరాలీ 1780లో ఎందుకు వెనక్కి మళ్లాడు?

ప్రశ్న (చిత్తూరు నుంచి)

మైసూరు పాలకుడు హైదరాలీ 1782 డిసెంబరులో కన్నుమూసిన నరసింగరాయనిపేట మా చిత్తూరుకు దగ్గరే కాబట్టి ఆయన పేరు వింటూ పెరిగాను గానీ, ఒక సందేహం మాత్రం తీరడం లేదు. 1769లో ఆయన కొన్ని వేల గుర్రాలతో మద్రాసు పొలిమేరకు వచ్చి, కుంపెనీ (ఈస్టిండియా కంపెనీ) వారి చేత సంధిపత్రం రాయించుకున్నాడు. 1780 జూలైలో అంతకు ఎన్నో రెట్ల సైన్యంతో చెంగం కనుమ దిగి కర్ణాటకం (ఆర్కాటు నవాబు ఏలిన సీమ, నేటి కర్ణాటక కాదు) మీద పడ్డాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కుంపెనీ సేనాని బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాడు. మరో కుంపెనీ సేనాని మన్రో తన పెద్ద ఫిరంగులను కంచి కోనేట్లో పడవేసి మద్రాసుకు పారిపోయాడు. దారి అంతగా తెరుచుకున్నాక, మద్రాసును వదిలి మళ్లీ ఆర్కాటు ముట్టడికి వెళ్లడం వ్యూహదోషం కాదా?

జవాబు (తిరుపతి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

దోషమని నేను అనను. 1769లో ఆయన కుంపెనీ సైన్యాన్ని దూరానికి లాగి, తాను చుట్టుదారిన వచ్చి బెదిరించాడే తప్ప కోటను పట్టే ప్రయత్నం చేయలేదు. మద్రాసులోని సెంట్ జార్జి కోటకు ఒక పక్క సముద్రం ఉంది. ఆ పక్క తెరిచి ఉన్నంతకాలం, నేల మీద ఎంత బిగించి కూర్చున్నా, లోపలికి బియ్యమూ మందుగుండూ మనుషులూ వస్తూనే ఉంటారు. బెంగాలు నుంచి కుంపెనీ సర్వసేనాని సర్ ఐర్ కూట్ 1780 నవంబరులో వచ్చింది ఓడల మీదే. మరుసటి నెలలోనే ఇంగ్లీషు నౌకాదళ అడ్మిరల్ హ్యూస్ మంగళూరు రేవులో హైదరాలీ నౌకలను నాశనం చేశాడు. కనుక ఆయనకు ఫ్రెంచి నౌకాదళం తప్ప గతి లేకపోయింది. 1781 ఫిబ్రవరిలో కూట్ కడలూరు దగ్గర తిండిగింజలకు కటకటలాడుతుండగా తీరంలో ఉన్న ఫ్రెంచి ఓడలు, హైదరాలీ ఎంత బతిమాలినా వినకుండా, మారిషస్ దారి పట్టాయి. నా దృష్టిలో ఈ యుద్ధం చేజారింది అక్కడే. జూలై 1న పరంగిపేటలో జరిగిన ఓటమి దాని తర్వాతి మాట.

జవాబు (తిరుపతి, పరిశోధక విద్యార్థిని)

మాస్టారూ, ఓడల సంగతి నిజమే కానీ, దౌత్యాన్ని మీరు పూర్తిగా పక్కన పెట్టారు. హైదరాలీ ఒంటరిగా బయలుదేరలేదు. పూనా మరాఠాలు, హైదరాబాదు నిజాం, నాగపూరు భోంస్లే ఒకేసారి నాలుగు దిక్కుల నుంచి కుంపెనీ మీద పడాలన్న ఒప్పందం వెనుక ఉంది. అందులో నిజాం చేరడానికి కారణం మన గుంటూరు సర్కారు (అప్పటి పాలనా ప్రాంతం). మద్రాసు కౌన్సిలు దాన్ని నిజాం తమ్ముడైన బసాలత్ జంగ్ నుంచి నేరుగా రాయించుకొని ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చింది. కుంపెనీ గవర్నరు జనరల్ హేస్టింగ్స్ ఆ సర్కారును తిరిగి ఇప్పించి నిజాంను చల్లబరిచాడు, భోంస్లేను డబ్బుతో పక్కకు తప్పించాడు, చివరకు 1782 మే 17న సాల్బాయిలో మరాఠాలతో సంధి కుదుర్చుకున్నాడు. హైదరాలీ గెలుచుకున్న ప్రాంతాలను ఆయన చేత వదిలించే పూచీని ఆ సంధిలో పేష్వా తరఫువారే నెత్తిన వేసుకున్నారు! యుద్ధరంగంలో ఎంత బలమున్నా, మిత్రులు ఒక్కొక్కరుగా జారుకున్నాక అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మరి పోరు చిత్తూరు వైపు ఎందుకు మళ్లింది?

జవాబు (తిరుపతి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

అమ్మాయి చెప్పిన మిత్రుల సంగతిని నేను ఒప్పుకుంటున్నాను. ఇక చిత్తూరు విషయానికొస్తే, వేలూరు కోట చివరిదాకా కుంపెనీ చేతిలోనే ఉండిపోయింది. హైదరాలీ పంటలను తగలబెట్టించి పల్లెలను పాడుపెట్టడంతో దానికి తిండి అందించడమే కూట్‌కు పెద్ద పని అయింది. 1781 నవంబరులో ఆయన చిత్తూరు కోటను పట్టుకున్నది కూడా అక్కడ హైదరాలీ ధాన్యం నిల్వలు ఉంటాయన్న ఆశతోనే, అయితే లోపల చెప్పుకోదగినంత ఏమీ దొరకలేదు.

హైదరాలీ రాచపుండుతో మరణించినప్పుడు టిప్పు మలబారులో ఉన్నాడు. అతను వచ్చేదాకా శిబిరంలో మరణవార్తను దాచి, శవాన్ని ఖజానా పెట్టెలా పంపించారు. ఆ అదనులో కదలమని మద్రాసు గవర్నరు మెకార్ట్నీ తొందరపెట్టినా జనరల్ స్టూవర్టు కదలలేదు. హైదరాలీ అన్నాళ్లు ఎదురుచూసిన ఫ్రెంచి సేనాని బుస్సీ, తన సేనతో 1783 మార్చిలో దిగాడు.