ఒక ఆఫీసు రాయదుర్గం, ఇంకొకటి సికింద్రాబాద్: ఏ వైపు ఇల్లు, ఏ స్కూలు?

(ఆన్‌లైన్ చర్చ. ప్రతి పోస్టు పైనా ఉన్నది రాసినవారి మారుపేరు.)

కొత్త అద్దె

జూన్‌కల్లా నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్ వచ్చేస్తున్నాం. ఒకరి ఆఫీసు రాయదుర్గంలో. రెండోవారిది రైల్వే ఉద్యోగం, సికింద్రాబాద్ రైల్ నిలయంలో. పాప అయిదో తరగతికి, బాబు ఒకటికి వస్తారు. పాప తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. మూడు బెడ్‌రూములు కావాలి, అద్దె ముప్ఫై వేల లోపు.

ఇద్దరిలో ఒకరిది ముస్లిం పేరు, ఒకరిది హిందూ పేరు. ఇంట్లో తెలుగు, ఉర్దూ రెండూ నడుస్తాయి, మాంసం వండుతాం. నల్లగండ్ల–తెల్లాపూర్, సైనిక్‌పురి, అత్తాపూర్–బండ్లగూడ జాగీర్ అనుకుంటున్నాం.

అడిగేవి రెండు. స్కూలుకి వెళ్ళినప్పుడు బ్రోచర్లో లేనివి ఏం చూడాలి? అడ్వాన్స్ ఇచ్చేలోపే ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళ తీరు పసిగట్టడం ఎలా? "ఫుల్ కాస్మోపాలిటన్ ఏరియా సార్" అని బ్రోకర్లందరూ అంటున్నారు కాబట్టి అది లెక్కలోకి రాదు.

నీలి లైను

ఆ మూడూ కాసేపు పక్కన పెట్టి మెట్రో మ్యాప్ చూడండి. మీ ఆఫీసులు రెండూ ఒకే లైను మీద ఉన్నాయి: నాగోల్–రాయదుర్గం బ్లూ లైన్. రైల్ నిలయానికి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి ఆటో ఎక్కితే సరిపోతుంది. మీరు రాసిన మూడు చోట్లలో ఒక్కదానికీ మెట్రో లేదు. నల్లగండ్లకి దగ్గర్లో లింగంపల్లి ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ ఉంది గానీ బండికీ బండికీ మధ్య ఎడం ఎక్కువ, ఒకటి తప్పితే ఆ పూట ఆలస్యమే. సైనిక్‌పురి ఊరు బాగుంటుంది, చెట్లు, మిలటరీ కుటుంబాలు, దేశం నలుమూలల వాళ్ళూ ఉంటారు. అక్కణ్ణుంచి రాయదుర్గానికి రోజూ రానూపోనూ అంటే మాత్రం వద్దనే అంటాను.

మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం, ఉప్పల్, నాగోల్: ఈ వరస వెతకండి. నాగోల్ నుంచి రాయదుర్గం ఇంచుమించు గంట ప్రయాణం. బండి బయల్దేరేదే అక్కడ కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. తార్నాకలో ఎక్కేవాళ్ళు హైటెక్ సిటీ దాకా నిలబడి పోవడానికి సిద్ధపడాలి.

మీ రెండో ప్రశ్నకీ ఈ పట్టీ పనికొస్తుంది. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ పోషకాహార సంస్థ, ఉస్మానియా, ఇఫ్లూ లాంటి పరిశోధన సంస్థలు, యూనివర్సిటీలు అన్నీ అక్కడక్కడే. లాలాగూడ, మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్లు. బెంగాలీ, మలయాళీ, తమిళ, ఆంగ్లో ఇండియన్ ఇళ్ళు ఆ చుట్టుపక్కల ఎప్పట్నుంచో ఉన్నాయి. ఇల్లుగలాయనకి మీలాంటి జంట పేర్లు వినడం కొత్తేమీ కాదు. కొత్త కానంత మాత్రాన తలుపు తెరిచేస్తారని నేననడం లేదు.

ఇక చిక్కులు. తార్నాకలో ఎక్కువ భాగం పాత కట్టడాలు, లిఫ్ట్ లేనివి, పార్కింగ్ ఒక కారుకే ఉన్నవి తగులుతాయి. మీ బడ్జెట్‌కి హబ్సిగూడ లోపలి వీధుల్లో వెతకాలి. అక్కడ అడ్రసంతా స్ట్రీట్ నంబర్లతోనే నడుస్తుంది, బ్రోకర్‌ని ముందు నంబరు అడగండి, లేకపోతే మెట్రోకి దూరంగా లోపలెక్కడో తేలతారు. ఉప్పల్ దాటి బోడుప్పల్, పీర్జాదిగూడ వెళ్తే అద్దె తగ్గుతుంది గానీ, 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ రోడ్డు పని ఆ దారిని ఏళ్ళ తరబడి ఇరుకు చేసింది. సాయంత్రం ఆరున్నరకి ఉప్పల్ రింగ్ రోడ్డు మీదుగా ఒకసారి వెళ్ళి చూశాకే అటు మాట ఇవ్వండి.

పద్దుల పంతులు

స్కూలు సంగతి నేను చెప్తాను. ముందు సీటు, ఆ తర్వాతే ఇల్లు. ఒకటో తరగతి సీట్లు జూన్‌కి నెలల ముందే నిండుతాయి, అయిదులో ఎవరైనా ఖాళీ చేస్తేనే సీటు.

బోర్డు మీద "సీబీఎస్ఈ" అని ఉంటే చాలదు. "సీబీఎస్ఈ కరికులమ్", "సీబీఎస్ఈ ప్యాటర్న్" అని రాసేవాటికి గుర్తింపు ఉండకపోవచ్చు. అఫిలియేషన్ నంబరు అడిగి సీబీఎస్ఈ వాళ్ళ సరస్ పోర్టల్లో కొట్టి చూడండి: ఏ తరగతి దాకా ఇచ్చారు, ఏ సంవత్సరం దాకా ఇచ్చారు, అక్కడున్న అడ్రసు మీరు నిలబడ్డ బిల్డింగుదేనా. మూడోది చాలామంది చూడరు. ఒక బ్రాంచికి వచ్చిన నంబరు మీద ఇంకో బ్రాంచి పిల్లల్ని కూర్చోబెట్టడం ఈ ఊళ్ళో ఉన్నదే, తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ దగ్గర బయటపడుతుంది. గుర్తింపు ఉన్న ప్రతి సీబీఎస్ఈ స్కూలూ తన వెబ్‌సైట్లో మ్యాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్ అనే పేజీ పెట్టాలి. ఫైర్ సర్టిఫికెట్, బిల్డింగ్ సేఫ్టీ, టీచర్ల సంఖ్య, ఫీజు, మూడేళ్ళ పదో తరగతి ఫలితాలు అందులో ఉంటాయి. ఫైర్ సర్టిఫికెట్ తేదీ దాటిపోయి ఉంటే కౌంటర్‌లోనే అడగండి.

ఫీజు అడిగితే ఈ ఏడాది కాగితం ఇస్తారు. మీకు కావాల్సింది అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రుల దగ్గరున్న మూడేళ్ళ రసీదులు, పెంపు ఎంతో వాటిలో తెలుస్తుంది. బస్సు, పుస్తకాలు, యూనిఫాం, "యాక్టివిటీ ఫీజు" కలిపి మొత్తం వేయించుకోండి. డొనేషన్, పిల్లలకి గానీ మీకు గానీ ప్రవేశానికి ఇంటర్వ్యూ, రెండూ విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం నేరం. డొనేషన్‌కి తీసుకున్నదానికి పదింతల దాకా జరిమానా, స్క్రీనింగ్‌కి మొదటిసారి 25,000 రూపాయల దాకా. "ఇంటరాక్షన్" అని పేరు మార్చి చేస్తారు, అది వేరే కథ.

పాప తెలుగు గురించి ఇప్పుడే ఆలోచించండి. 2018 చట్టంతో తెలంగాణలో ఏ బోర్డు అయినా ఒకటి నుంచి పది దాకా తెలుగు తప్పనిసరి. తొమ్మిది, పది తరగతుల్లో ఇతర బోర్డుల పిల్లలకి సులభమైన "వెన్నెల" వాచకం పెట్టారు గానీ, అయిదులో చేరే పిల్ల అక్షరాలు రాకుండా కూర్చుంటే మొదటి యూనిట్ టెస్టుకే తెల్లమొహం వేస్తుంది. వేసవి రెండు నెలల్లో గుణింతాలు, వత్తులు అయిపోవాలి. కొత్తగా వచ్చిన పిల్లలకి విడిగా తెలుగు పీరియడ్ ఇస్తారా అని అడగండి. ఉర్దూ మూడో భాషగా ఉందని చెబితే ఆ తరగతి టైమ్‌టేబుల్ చూపించమనండి. కాగితం మీద భాష ఉండి, టీచర్ లేని స్కూళ్ళు చాలా.

పేర్ల విషయం ఎవరినీ అడగక్కర్లేదు, నిరుటి స్కూలు డైరీ ఒకటి సంపాదించండి. రంజాన్, బక్రీద్, క్రిస్మస్, బోనాలకి సెలవులు ఎలా ఇచ్చారు, పండగ మర్నాడే పరీక్ష పెట్టారా, లంచ్‌బాక్స్‌లో గుడ్డు, మాంసం మీద ఏం రాశారు, అన్నీ దొరుకుతాయి. "నాన్‌వెజ్ తేవద్దు" అని ఉన్నంత మాత్రాన ఆ స్కూలుని కొట్టేయొద్దు, కొందరు వాసన, ఎలర్జీల కోసం పెడతారు. గుడ్డు తెచ్చిన పిల్లని వేరే బెంచీలో కూర్చోబెడతారా అన్నది అడగండి, జవాబు కన్నా జవాబిచ్చే మొహం చూడండి. ఇంకొకటి: ఆరో తరగతి నుంచే మార్కుల్ని బట్టి "ఐఐటీ సెక్షన్" విడగొట్టే స్కూల్లో ఏ రకం వైవిధ్యమూ మిగలదు. నా లెక్కలో మతం కన్నా అదే పిల్లల్ని ఎక్కువ విడదీస్తుంది.

బస్సు ఒక వైపు నలభై నిమిషాలు దాటకూడదు. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఇక్కడ ఏటా మే 15తో ముగుస్తుంది, జూన్‌లోపు మళ్ళీ చేయించాలి. బస్సు నంబరు ఎం-పరివాహన్ యాప్‌లో వేస్తే తేదీ కనిపిస్తుంది.

ఇద్దరిలో ఒకరు రైల్వే అన్నారు కాబట్టి కేంద్రీయ విద్యాలయం మరవొద్దు, బదిలీలున్న కేంద్ర ఉద్యోగుల పిల్లలకి మొదటి ప్రాధాన్యం. ఉప్పల్, పికెట్, తిరుమలగిరిలో ఉన్నాయి. మార్చి 31కి బాబుకి ఆరు నిండి ఉండాలి. నాగ్‌పూర్ స్కూలు నుంచి టీసీతో పాటు పాప పెన్ (విద్యార్థి శాశ్వత గుర్తింపు) నంబరు కూడా తీసుకోండి. వాళ్ళు యూడైస్‌లో (స్కూలు పిల్లల వివరాలుండే కేంద్ర డేటాబేస్) పాపని విడుదల చేయకపోతే ఇక్కడి స్కూలు తన రోల్లోకి ఎక్కించుకోలేదు.

గల్లీ లెక్క

మనుషుల సంగతి నేను చెప్త. ఏరియా పేరు చూసి అంచనా కట్టకుండ్రి. పక్కపక్క అపార్ట్‌మెంట్లే, ఒకదాంట్ల అన్ని రకాలోళ్ళుంటరు, ఇంకోదాంట్ల ఒక్కటే కులపోళ్ళు ఏండ్ల సంది బయటోళ్ళకు కిరాయికియ్యరు. తేల్చేది అసోసియేషన్ల ఉన్న అయిదారుగురు.

బ్రోకర్‌కు మొదటి ఫోన్లనే ఇద్దరి పేర్లు, మాంసం వండుతమని చెప్పేయుండ్రి. చానా ఇండ్లు ఆడికాడనే పోతయ్, పోనియ్యుండ్రి. టోకెన్ ఇచ్చినంక అగ్రిమెంట్ల పేర్లు చూసి ఓనర్ ఎనుకకు పోతె, ఆ పైసలు వసూలు చేసుడు పెద్ద పంచాయితీ. "మీ ఇంటిపేరేంది?" అని అడిగిండంటే ఆయనకు కావాల్సింది కులం. "ప్యూర్ వెజ్ ఓన్లీ" టులెట్ బోర్డు కూడ ప్రతిసారీ తిండి గురించే కాదు.

చూడనీకి పోయినప్పుడు ఫ్లాట్ కన్నా ముందుగాల వాచ్‌మన్ రూమ్ కాడి నోటీసు బోర్డు చదువుండ్రి. "పనోళ్ళు, డెలివరీ వాళ్ళు లిఫ్ట్ వాడొద్దు" అని ఉంటె అర్థం చేస్కోండ్రి, పనిమనిషిని మెట్లెక్కించేటోళ్ళు రేపు మీ చుట్టాల్ని గూడ వంకర సూస్తరు. మెయింటెనెన్స్ రసీదు ఒకటి అడుగుండ్రి: పండుగ చందా అండ్లనే కలిపి పెడుతరా, ఇష్టముంటేనే తీస్కుంటరా. క్లబ్‌హౌజ్ ఉంటె అండ్ల ఏ పండుగలు చేసిండ్రు, నాన్‌వెజ్ వంట చేయనిస్తరా అడుగుండ్రి. ఆఖరి జనరల్ బాడీ మినిట్స్ ఓనర్ కాడ ఉంటయ్, కిరాయిదార్ల మీద ఏం తీర్మానం చేసిండ్రో తెలుస్తది. సాయంత్రం ఆరింటికి పార్కింగ్‌ల పిల్లలు ఆడుకునేటప్పుడు ఒకలనొకలు పిలుసుకునే పేర్లు ఇనుండ్రి. బ్రోకర్ దాచలేనిది గదొక్కటే.

ఇయ్యనంటె కోర్టుకు పోదామంటరా, ఫాయిదా లేదు. రాజ్యాంగంల వివక్ష వద్దనే 15వ అధికరణ ప్రైవేటు ఓనర్‌ను కట్టడి చేయది. ఒక్క మతమోళ్ళే సభ్యులుండే హౌసింగ్ సొసైటీ నియమాన్ని 2005ల సుప్రీంకోర్టే ఒప్పుకుంది.

కొత్త అద్దె

చాలా థాంక్స్. తార్నాక–నాగోల్ మా లెక్కలోనే లేదు. అత్తాపూర్ పూర్తిగా వదిలేయమంటారా? ఉర్దూ ఇంటికి అటే తేలిక అని విన్నాం.

చెరువు గట్టు

అత్తాపూర్, హైదర్‌గూడ వైపు ఆ మాట నిజమే. బజారంతా రెండు భాషల్లో నడుస్తుంది, మాంసం కొట్టు కోసం ఊరు దాటక్కర్లేదు, పేరు దాచాల్సిన పనీ తక్కువే. రాయదుర్గం ఉద్యోగానికి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని ఉంటే నేను అత్తాపూర్‌కే ఓటేస్తాను. రోజూ వెళ్ళాలంటే, సికింద్రాబాద్ ఆఫీసుకి వెళ్ళేవారికి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మెహదీపట్నం దాకానే సాయం, అక్కడి నుంచి సిటీ మధ్యలో దూరాలి.

ఎటు తీసుకున్నా నీళ్ళు రెండు రకాలుగా చూడండి. లేని నీళ్ళు: ఏప్రిల్, మే మెయింటెనెన్స్ బిల్లులు అడగండి, ట్యాంకర్ ఖర్చు అందులో బయటపడుతుంది. జలమండలి (నగర నీటి బోర్డు) కనెక్షన్ ఉందా, దానికి మీటరు ఉందా తేల్చుకోండి, నెలకి 20,000 లీటర్ల ఉచిత నీటికి అదే ఆధారం. తెల్లాపూర్, కొల్లూరు వైపు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. వచ్చిపడే నీళ్ళు: 2020 అక్టోబరు వానలకి రామంతాపూర్‌లో చెరువు దగ్గరి కాలనీలు, టోలిచౌకి నదీమ్ కాలనీ మునిగాయి. నాగోల్‌లో మూసీ ఒడ్డు, అత్తాపూర్‌లోనూ మూసీ ఒడ్డే, హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే అక్కడ రోడ్ల మీద ప్రభావం తెలుస్తుంది. సెల్లార్‌లోకి దిగి గోడల మీద అడుగు, రెండడుగుల ఎత్తులో మట్టిరంగు చార ఉందేమో చూడండి. కొత్తగా సున్నం వేసి ఉంటే లిఫ్ట్ గుంత, మోటారు పెట్టిన దిమ్మె ఎత్తు చూడండి. మోటారు ఈమధ్యే పైకి లేపి బిగించారంటే నీళ్ళు వచ్చాయన్నమాట.