విశాఖ నుంచి కారులో నేపాల్: రక్సౌల్ దాటాలా, పానీటంకీ దాటాలా?

అందరికీ నమస్కారం. మాది గాజువాక. దసరా అయ్యాక అమ్మని పశుపతినాథుడి దర్శనానికి మా సొంత కారులోనే తీసుకెళ్దామనుకుంటున్నాం, ఆవిడకి 70 ఏళ్లు, ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది.

బోర్డర్ ఎక్కడ దాటాలన్నదే తేలట్లేదు. రాంచీ, పాట్నా మీదుగా బీహార్‌లోని రక్సౌల్ వెళ్లి, బోర్డర్ దాటి నేపాల్ వైపు బీర్‌గంజ్‌లో దిగితే కాఠ్మాండూ దగ్గర, కానీ సరుకు లారీలన్నీ అటే పోతాయి కదా, క్యూలో గంటలు గంటలు కూర్చోవడం అమ్మ వల్ల కాదు. భువనేశ్వర్, కోల్‌కతా, సిలిగురి మీదుగా వెళ్లి బెంగాల్ బోర్డర్‌లోని పానీటంకీ దగ్గర మేచీ నది వంతెన దాటితే నేపాల్ వైపు కాకర్‌భిట్టా వస్తుంది, అక్కడి నుంచి మహేంద్ర హైవే, అయితే నేపాల్‌లోపల చాలా దూరం నడపాలి. యూపీలోని సునౌలీ బోర్డర్ అయితే లుంబిని కూడా చూడొచ్చు గానీ మనకి మరీ చుట్టు.

వీసా అక్కర్లేదు, మా ఇద్దరికీ ఓటరు కార్డులున్నాయి, అమ్మకి 65 దాటాయి కాబట్టి ఆధార్ చాలు. కారు మాత్రం మా తమ్ముడి పేరు మీద ఉంది, అదే టెన్షన్. భన్సార్ పర్మిట్ (కారుకి నేపాల్ కస్టమ్స్ వాళ్లిచ్చే అనుమతి) రాసేటప్పుడు ఓనర్ లేకపోతే ఉత్తరం అడుగుతారా? ఈ మధ్య పెద్దవాళ్లతో దాటినవాళ్లు ఏ దారి, ఏ టైముకి వెళ్లారో చెప్పండి, ప్లీజ్.