తోటి బ్లాగర్లను మెచ్చుకునే టపా, సరదా ప్రశ్నలకు జవాబులు: మీరెలా రాస్తారు?

నింపాది:

అందరికీ నమస్కారం. నా రాతలను చాలాకాలంగా చదువుతున్న ఒక బ్లాగరు ఇటీవల తన టపాలో నా బ్లాగు పేరు ప్రస్తావించి, బ్లాగర్లు ఒకరికొకరు ఇచ్చుకునే పురస్కారాలలో ఒకదాన్ని నాకు అందించారు. ఇందులో నిర్ణేతలు గానీ బహుమతి సొమ్ము గానీ ఉండవని మీకు తెలిసే ఉంటుంది. ఇచ్చినవారికి కృతజ్ఞతలు చెప్పి, వారు అడిగిన 11 ప్రశ్నలకు జవాబులు రాసి, మనకు నచ్చిన మరో 11 బ్లాగులను ఎంచి, వాటిని రాసేవారికి కొత్తగా 11 ప్రశ్నలు వేయాలన్నదే నియమం.

జవాబులు రాయడం నాకు బాగా నచ్చింది. "మీలోని పనికిరాని ప్రతిభ ఏమిటి?" అన్న ప్రశ్నకు, ఎక్కడికి వెళ్లినా అన్నింటికంటే నెమ్మదిగా కదిలే వరుసను దూరం నుంచే పసిగట్టి సరిగ్గా అందులోనే నిలబడగలనని రాశాను. "ఎవరూ లేనప్పుడు మీరు చేసే వింత పని?" అన్నదానికి, రాసిన టపాను వార్తలు చదివేవారి గొంతుతో పైకి చదువుకుంటానని, ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు ముక్కలు చేస్తానని రాశాను. అయితే "మీకు ఇష్టమైన రంగు ఏది?" అన్న దగ్గర ఆగిపోయాను. నీలం అని రాస్తే చదివేవారికి నా గురించి ఏం తెలుస్తుంది?

అంతకంటే పెద్ద చిక్కు ఎంపికలో ఉంది. నేను శ్రద్ధగా చదివే బ్లాగులు 11 లేవు. ఉన్నవారిలో ఒకరిద్దరు రాయడం మానేశారు, ఒకరికి ఇలాంటి గొలుసు ఆటలంటే గిట్టదు, ఒకరిని చెప్పి మరొకరిని వదిలేస్తే వదిలేసినవారు నొచ్చుకుంటారేమోనన్న శంక ఉండనే ఉంది. మెచ్చుకోలు వారికి భారం కాకుండా ఎలా రాయాలి, అడిగినవారికీ చెప్పినవారికీ ఉల్లాసం కలిగించే ప్రశ్నలు ఎలా ఉండాలి అన్నది అనుభవమున్నవారు చెప్పగలరా? మీకు నచ్చిన ప్రశ్నలూ వాటికి మీ జవాబులూ రాస్తే మరీ సంతోషం.

పాతటపాలపెట్టె:

నింపాది గారూ, ముందుగా అభినందనలు. 11 అన్న అంకెను మీరు నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు. ప్రతి ఒక్కరూ మరో 11 మంది కొత్తవారిని ఎంచుకుంటూ పోతే రెండో అంచెకు 121, మూడో అంచెకు 1,331, ఆరో అంచెకు ఏకంగా 17,71,561 బ్లాగులు కావాలి. నియమాన్ని అందరూ పాటించడం మొదటినుంచీ కుదరని పనే. సగంలో వదిలేసేవారు ఉండబట్టే ఆట ఇన్నాళ్లు నడుస్తోంది. లీబ్‌స్టర్ పేరుతో తిరిగే పురస్కారాన్నే చూడండి: పాఠకులు తక్కువగా ఉన్న బ్లాగులను నలుగురికీ పరిచయం చేయడం దాని ఉద్దేశం, కానీ దాన్ని నడిపే సంస్థ అంటూ ఏదీ లేకపోవడంతో, ఒకరి టపాలోంచి మరొకరు నకలు చేసుకుంటూ వచ్చిన నియమాలు చేతులు మారినప్పుడల్లా కొంచెం కొంచెం మారిపోయాయి. ఎంతమంది అనుచరుల లోపు ఉంటే చిన్న బ్లాగు అనాలన్న హద్దు సైతం ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది.

ఇక మెచ్చుకోలు సంగతి. "చక్కని బ్లాగు, తప్పక చదవండి" అన్న పొగడ్త ఏ బ్లాగుకైనా అతుకుతుంది కనుక ఏ బ్లాగుకూ చెందదు. ముగ్గురినే ఎంచండి, కానీ ఒక్కొక్కరి గురించి ఒక పేరా రాయండి. వారి బ్లాగు ముఖపత్రానికి కాకుండా మిమ్మల్ని పట్టి ఆపిన టపాకే లంకె ఇచ్చి, అందులో ఏ సంగతి మిమ్మల్ని ఆపిందో చెప్పండి. ఒకసారి నేను ఒక బ్లాగరు గురించి ఇలా రాస్తూ, ఆవిడ తమ ఇంటి గోడగడియారాన్ని బాగుచేయించిన వృత్తాంతంలో అది ఏ వేళకు ఆగిపోయిందో చివరిదాకా చెప్పకుండా దాచిన తీరును ప్రస్తావించాను. ఆ టపా వచ్చి అప్పటికే ఏళ్లు గడిచాయి, దాని కింద ఒక్క వ్యాఖ్య కూడా లేదు. ఆవిడ నాకు రాసిన జాబులో పురస్కారం ఊసే లేదు. ఆ సమయాన్ని దాచడం కోసం టపాను ఎలా తిరగరాశారో, మొదటి ప్రతిలో అది రెండో వాక్యంలోనే ఎలా బయటపడిపోయిందో వివరంగా రాశారు.

రాయడం మానేసినవారిని, గొలుసు ఆటలు గిట్టనివారిని తప్పించనక్కరలేదు. మెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు, పని అప్పగించడానికి మాత్రమే అవసరం. అందుకని నచ్చిన రాతల గురించి ఒక భాగం, ప్రశ్నలు స్వీకరిస్తామని ముందే ఒప్పుకున్నవారి పేర్లతో మరో భాగం విడివిడిగా రాయండి.

సిరాబుడ్డి:

రంగు ప్రశ్నను అంత తొందరగా కొట్టిపారేయకండి, నింపాది గారూ. దానికి నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో, ఇంటికి వచ్చిన మిత్రుల ముందు ఇలాంటి ప్రశ్నలున్న ఆల్బం పెట్టి జవాబులు రాయించుకోవడం ఒక కాలక్షేపం. 1865లో కార్ల్ మార్క్స్ తన కూతుళ్లు అడిగిన ఇటువంటి ప్రశ్నలకు జవాబులిస్తూ, ఇష్టమైన రంగు ఎరుపు అని, ఆనందమంటే పోరాడటమని, ఇష్టమైన వ్యాపకం పుస్తకాల పురుగులా చదవడమని ఒకటి రెండు మాటల్లో తేల్చేశాడు. ఆనందం గురించిన అదే ప్రశ్నకు 1868లో మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఇచ్చిన జవాబు షాటో మార్గో అనే ద్రాక్షసారాయి, అది కూడా 1848 నాటిది. ఐరోపా అంతటా విప్లవాలు చెలరేగిన ఏడాది కూడా 1848 కనుక, ఆ చమత్కారంలో సగం సారాయిది, సగం చరిత్రది. ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ ఇరవై ఏళ్ల ప్రాయంలో రంగు ప్రశ్నకు జవాబు రాస్తూ, అందం రంగుల్లో ఉండదు, వాటి పొందికలో ఉంటుందన్నాడు. ఆ ప్రశ్నలను తయారుచేసింది అతను కాకపోయినా ఆ ప్రశ్నావళికి నేటికీ అతని పేరే నిలిచిపోయింది.

ఈ ముగ్గురికీ ఎదురైనవి చప్పిడి ప్రశ్నలే. కనుక "నీలం" దగ్గర ఆగకుండా, ఏ నీలమో చెప్పండి. నా మటుకు నాకు, లెక్కలేనన్నిసార్లు ఉతికిన నల్లచొక్కా రంగంటే ఇష్టం. అది నలుపూ కాదు, బూడిదా కాదు, కొనబోతే ఏ దుకాణంలోనూ దొరకదు, ఓపిగ్గా తొడుక్కుని సంపాదించుకోవలసిందే.

అడగడానికి ప్రశ్నలు కావాలంటే శబ్దాల గురించి అడగండి. ఫ్రెంచి టెలివిజన్‌లో బెర్నార్ పీవో, ఆయనను చూసి అమెరికాలో జేమ్స్ లిప్టన్, తమ అతిథులను ఇష్టమైన శబ్దం ఏది, గిట్టని శబ్దం ఏది అని అడిగేవారు. శబ్దాల విషయంలో గొప్పగా కనిపించాలన్న తాపత్రయం ఎవరికీ ఉండదు కాబట్టి జవాబులు నిజాయితీగా వస్తాయి. తడి ఆరని బట్టమీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు వచ్చే "చుయ్"మన్న చప్పుడు నాకు ఇష్టం. మోగకుండా పెట్టిన ఫోను బల్లమీద గుర్రుగుర్రుమంటూ జరిగిపోయే చప్పుడు నాకు గిట్టదు.

తలుపుగడియ:

ఉల్లాసంగా సాగుతున్న సంభాషణలో హెచ్చరిక చేస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మొదటి పెంపుడు జంతువు పేరు, చదివిన తొలి బడి, అమ్మగారి పుట్టింటి పేరు, చిన్ననాటి ప్రాణస్నేహితుడు వంటివి సరదా జాబితాలలో తరచుగా కనిపిస్తాయి. సంకేతపదం మరిచిపోయినప్పుడు ఖాతా తిరిగి తెరవడానికి చాలా సంస్థలు అడుగుతూ వచ్చినవి కూడా సరిగ్గా ఇవే. మొదటి పెంపుడు జంతువు పేరు లాంటి సమాచారాన్ని సంకేతపదాల కోసం అడగవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది, అయినా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. ఒక్క టపాలో ఒక్క జవాబు వల్ల కొంప మునగకపోవచ్చు గానీ, ఏళ్ల తరబడి రాసిన టపాలన్నీ ఒకేచోట వెతకడానికి వీలుగా ఉంటాయి కదా.

ప్రశ్నను కొంచెం పక్కకు తిప్పితే చాలు, ప్రమాదం పోయి సరదా పెరుగుతుంది. "మీ మొదటి కుక్క పేరేమిటి?" అని కాకుండా "పెంపుడు జంతువుకు పెట్టాలనుకుని ఇంట్లోవాళ్లు ఒప్పుకోక మానేసిన పేరేమిటి?" అని అడగండి. నా విషయంలో అది "అధ్యక్షా". అసెంబ్లీలో పిలిచినట్టు రోజూ గుమ్మంలో నిలబడి పిలవడం తమ వల్ల కాదని మావాళ్లు తీర్మానించారు.

ఎదురుప్రశ్న:

ముగ్గురు చాలన్న పాతటపాలపెట్టె గారి సూచనతో నాకు సగమే ఏకీభావం. ఒక్కొక్కరికి ఒక పేరా ఇవ్వాలన్నది నిజమే, అయితే అంతగా పరిచయం లేని బ్లాగులకు ఒక్క వాక్యం, ఒక్క లంకె దక్కినా కొత్త పాఠకులు వస్తారు. ఇటువంటి జాబితాల ద్వారానే నేను ఈనాటికీ వదలకుండా చదివే రెండు బ్లాగులు దొరికాయి. వాటి గురించి అక్కడ ఉన్నది ఒక్కొక్క వాక్యమే.

ప్రశ్నల విషయానికి వస్తే, అడిగేవారు ముందు తామే జవాబు చెప్పాలన్నది నా పట్టుదల. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో, పరిచయం లేని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, తేలికగా మొదలై క్రమంగా సొంత విషయాలలోకి వెళ్లే 36 ప్రశ్నలు ఇచ్చారు. పైపై కబుర్లు మాత్రమే చెప్పుకున్న జంటలకంటే ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకున్న జంటలు ఎక్కువ దగ్గరితనం కలిగిందని చెప్పాయి. అక్కడ ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ జవాబు చెప్పవలసిందే. మనం మాత్రం ఒకరిని 11 ప్రశ్నలు అడిగేసి చేతులు దులుపుకుంటే అది విచారణ అనిపించుకుంటుంది. అలాగని ఆ ప్రశ్నల లోతును బ్లాగులోకి తేవాలని నేను అనను. ఎదురెదురుగా కూర్చున్న మనిషికి చెప్పేది వేరు, లోకమంతా చదివే చోట రాసేది వేరు.

"మీ అభిమాన రచయిత ఎవరు?" అని మాత్రం దయచేసి అడగకండి. జవాబు ఎప్పుడూ బరువైన పేరే అవుతుంది. "సగంలో వదిలేసి, పూర్తిగా చదివినట్టు తల ఊపుతూ వచ్చిన పుస్తకం గురించి, పేరు చెప్పకుండా, రాయండి" అంటే నిజాలు బయటపడతాయి. నా పుస్తకం చాలా లావుగా ఉంటుంది, దానిలో గుర్తు పెట్టుకున్న పేజీ దగ్గరే యుద్ధం ఆగిపోయి ఉంది, ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు.

నింపాది:

అందరికీ ధన్యవాదాలు. నలుగురి గురించి పేరాలు రాసి, ఎదురుప్రశ్న గారు చెప్పినట్టు మరికొన్ని బ్లాగులకు ఒక్కొక్క వాక్యంతో లంకెలు ఇస్తున్నాను. ప్రశ్నలు స్వీకరిస్తామని ఇప్పటికి ఇద్దరు ఒప్పుకున్నారు. ప్రశ్నలను అయిదుకు కుదించి, నా జవాబులు ముందుగా రాసుకున్నాను. ఇష్టమైన శబ్దం: కొత్త సీసా మూత మొదటిసారి తిప్పినప్పుడు వచ్చే చిటుకు. పెట్టలేకపోయిన పేరు: చేపకు "ఈదురుగాలి". ఎవరికీ అక్కరలేని మీ అభిప్రాయం: మేజోళ్లు జతగా ఉండాలన్న నియమానికి కారణమంటూ ఏదీ లేదు. మీరు ఎప్పటికీ రాయని టపా శీర్షిక: "నేను సమయానికి చేరుకున్న సందర్భాలు". అయిదోది తోటివారి గురించి: మరో బ్లాగరు రాసినదాంట్లో "ఇది నేను రాసి ఉంటే బాగుండేది" అనిపించిన టపా ఏది, అందులో ఏ చోట అలా అనిపించింది?

పాతటపాలపెట్టె:

అయిదో ప్రశ్న అన్నింటికంటే బాగుంది. దానికి జవాబు రాసేవారు మరొకరిని వివరంగా మెచ్చుకోక తప్పదు కాబట్టి మీ రెండు చిక్కులూ ఒకేచోట తీరుతున్నాయి. దాన్ని చివరన కాకుండా మొదటే పెట్టండి, ఎందుకంటే చాలామంది మూడో ప్రశ్న దాటరు. నాలుగోదానికి నా జవాబు ఇప్పుడే ఇస్తున్నాను: "క్లుప్తంగా రాయడం ఎలా, మొదటి భాగం".