రష్యన్ 'న్యేబొ' మన 'నభస్సు' నుంచే వెళ్లిందా?

వైజాగ్_వోల్గా:
మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మళ్లీ ఆ ఫార్వర్డ్ తిరుగుతోంది. రష్యన్‌లో ఆకాశాన్ని 'న్యేబొ' అంటారు, సంస్కృతంలో 'నభస్', కాబట్టి రష్యన్ సంస్కృతం నుంచే పుట్టిందట. పోలిక అయితే నిజమే. పోలిష్‌లో న్యెబొ, చెక్‌లో నెబె, బల్గేరియన్‌లో నెబే, సెర్బియన్‌లో నెబొ. ఇంకో డౌటు కూడా ఉంది. అక్కడ అదే మాటని స్వర్గానికీ వాడతారు. మనకి ఆకాశం వేరు, స్వర్గం వేరు. వాళ్లకి రెండూ ఎలా కలిశాయి? చర్చి వల్లేనా?

గౌతమి_గట్టు:
పోలిక పైపైది కాదండీ. రష్యన్‌లో ఏకవచనం న్యేబొ, బహువచనం నెబెసా. మధ్యలో ఆ 'స' ఎక్కడిది? మన నభస్ చివర ఉన్నదే. నభః అన్నప్పుడు దాక్కుంటుంది, నభసా, నభసి అన్నప్పుడు బయటికొస్తుంది. విభక్తుల దాకా కలిసిందంటే కాకతాళీయం అనలేం. ఋగ్వేదం కంటే పాత స్లావిక్ (రష్యన్, పోలిష్, చెక్ లాంటి భాషల కుటుంబం) గ్రంథం ఒక్కటి చూపించండి చూద్దాం. ఏది పాతదో అదే తల్లి.

కౌముది_విద్యార్థి:
గౌతమి గారూ, 'స' సంగతి నూటికి నూరు పాళ్లూ నిజం. చుట్టరికానికి అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. కానీ సంస్కృతం, స్లావిక్ రెండూ ఇంకా పాతదైన ఒకే మూలభాష పిల్లలు. పెద్దక్క ఎంత పెద్దదైనా తల్లి అయిపోదు కదా. పాత రాతే ప్రమాణం అంటే, టర్కీలో బోగజ్‌కొయ్ దగ్గర దొరికిన హిట్టైట్ (అక్కడి ప్రాచీన భాష) మట్టి పలకల్లో ఆకాశాన్ని 'నేపిష్' అన్నారు. అవి క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దివి. మరి దాన్ని ఏమనాలి?

అసలు చిక్కు అచ్చు దగ్గర ఉంది. స్లావిక్ నెబొ, గ్రీకు నెఫొస్ (మబ్బు), జర్మన్ నేబెల్ (పొగమంచు), హిట్టైట్ నేపిష్, అన్నిటా 'ఎ'నే. మనకి మాత్రం 'అ'. అందరూ నభస్‌నే తీసుకెళ్లి ఉంటే, ఎవరికి వారు అదే చోట అకారాన్ని ఎకారం ఎలా చేసుకున్నారు? మారింది మన వైపే. సాక్ష్యం మన వ్యాకరణంలోనే ఉంది. కృ ధాతువుకి లిట్‌లో (మొదటి అక్షరం రెండుసార్లు వచ్చే భూతకాల రూపంలో) 'చకార' అంటాం, 'కకార' అనం. పాణిని 'కుహోశ్చుః' అని సూత్రం చేశాడు గానీ కారణం చెప్పలేదు. ఆ మొదటి అక్షరం ఒకప్పుడు 'కె'. ఎకారం ముందున్న 'క' తాలవ్యమై 'చ' అయింది, ఆ తర్వాత ఎకారం కూడా అకారంలో కలిసిపోయింది. 1870ల్లో యూరప్ పండితులు ఈ నియమం పట్టుకున్నాకే, సంస్కృతం అచ్చులే అన్నిటికన్నా పాతవి అనే నమ్మకం పోయింది.

గౌతమి_గట్టు:
ఎక్కడా ఒక్క శాసనం కూడా లేని 'మూలభాష'ని ఊహించుకుని, చేతిలో ఉన్న వేదాన్ని పక్కన పెట్టమంటున్నారు.

కౌముది_విద్యార్థి:
పక్కన పెట్టమనలేదు. చకారకి ఇంకో కారణం ఉంటే చెప్పమంటున్నా.

వార్సా_వాసు:
అన్నలూ, రెండో ప్రశ్నని వదిలేశారు. నేనుండేది పోలండ్‌లో. ఇక్కడ వాన పడేదీ న్యెబొ నుంచే, పోయినవాళ్లు వెళ్లేదీ న్యెబొకే. తిండి అదిరిపోతే 'న్యెబొ వ్ గెంబ్యె' అంటారు, నోట్లో స్వర్గం అని. కానీ ఆదాము, అవ్వ ఉన్న చోటు మాత్రం 'రాయ్'. ఈ మాట రష్యన్‌లోనూ ఉంది.

ప్రార్థనలో ఒక తేడా గమనించా. 'పరలోకమందున్న మా తండ్రీ' అనే చోట పోలిష్ వాళ్లు ఏకవచనం వాడతారు, 'వ్ న్యెబ్యె' అని. చెక్ వాళ్లు 'నా నెబెసీఖ్' అని బహువచనంలో అంటారు. రష్యన్ చర్చిలోనూ బహువచనమే. గ్రీకు మూలంలో కూడా బహువచనం ఉంది, దానికి వెనక హీబ్రూ 'షమాయిమ్' కూడా బహువచన రూపమే. 863లో సిరిల్, మెథోడియస్ అనే క్రైస్తవ ప్రచారకులు మొరావియాకి (ఇప్పటి చెక్ దేశం వైపు) బయల్దేరినప్పుడు గ్రీకు గ్రంథాలనే స్లావిక్‌లోకి దింపారు. గ్రీకు 'ఊరనోస్'కి రెండర్థాలూ ఉన్నాయి, అవే ఇటొచ్చాయి. నా ఓటు చర్చికే.

పంతులుగారబ్బాయి:
నభస్సు గురించి ఒక మాట. యజుర్వేదంలో 'నభశ్చ నభస్యశ్చ వార్షికావృతూ' అని ఉంది. శ్రావణ భాద్రపదాలకి అవి వేదకాలపు పేర్లు. అంటే మబ్బు, ముసురు అనే పాత అర్థం మన దగ్గరా ఉంది. ఇక అమరకోశం తీయండి. 'ద్యోదివౌ ద్వే స్త్రియాం' అన్నది స్వర్గం పేర్లలోనూ వస్తుంది, ఆకాశం పేర్లలోనూ వస్తుంది. నభస్ ఆకాశంలోనే ఉంది, స్వర్గంలో లేదు. కాబట్టి రెండూ కలిపి మోసిన మాట మనకీ ఉంది, అది 'ద్యౌః'. స్లావ్‌లు ఆకాశం అర్థంలో ఆ మాటని పోగొట్టుకున్నారు. దాని బరువు కూడా నెబొ మీదే పడి ఉంటుంది. ఇలా చూస్తే చర్చి దాకా పోనక్కర్లేదు.

కౌముది_విద్యార్థి:
అమరకోశం పాయింట్ బ్రహ్మాండం. అయినా చర్చిని అంత తేలిగ్గా తీసెయ్యలేం. రష్యన్‌లో అంగిలిని 'న్యోబొ' అంటారు, అదీ ఈ మాటే. ఒత్తి పలికే 'యె' చాలా చోట్ల 'యొ' కావడం రష్యన్ పద్ధతి. అంగిలి ఆ పద్ధతిలో మారింది, ఆకాశం మారలేదు. జనం నోట్లో నలిగిన మాటే అయితే అదీ 'న్యోబొ' కావాలి. గుడిలో విన్న ఉచ్చారణే వీధిలోకి వచ్చేసింది. మాట పాతదే, పలుకుబడి మాత్రం చర్చిది.

గౌతమి_గట్టు:
పలుకుబడి వాళ్లదైతే నమ్మకం కూడా వాళ్లదేనా? తూర్పు స్లావ్‌ల జానపద నమ్మకంలో చలికాలం పక్షులు వెళ్లే వెచ్చటి దేశం 'ఇరీ'. ఉక్రేనియన్‌లో 'విరీ'. ఆత్మలూ అక్కడికే వెళతాయంటారు. 12వ శతాబ్దం మొదట్లో కీవ్ రాజు వ్లదీమిర్ మోనోమఖ్ కూడా పక్షులు ఇరీ నుంచి వస్తాయని రాశాడు.

వార్సా_వాసు:
గౌతమి గారూ, అది నా వాదనకే బలం. పాత పరలోకం దూరదేశం అయితే, దాన్ని పైకెక్కించింది ఎవరు మరి?

గౌతమి_గట్టు:
అయితే 'రాయ్' సంగతి తేల్చండి. ఋగ్వేదంలో 'రయి' అంటే సంపద. అదీ అక్కలేనా?

కౌముది_విద్యార్థి:
దాని మీద పండితుల్లోనే గొడవ ఉంది. నల్ల సముద్రం పైన గడ్డి మైదానాల్లో ఉన్న ఇరానియన్ తెగల నుంచి వచ్చిన అరువని కొందరు, సొంతదేనని కొందరు. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ చూసుకుందాం.