వాడిన .44 మాగ్నమ్ రివాల్వర్: ఒక్క చాంబర్ ఆలస్యంగా లాక్ అవుతోంది, తీసుకోవచ్చా?

లైసెన్సు మీదున్న సేకరణలో .357 మాగ్నమ్ దాకా ఉన్నాయి, ఇక ఒక పెద్ద క్యాలిబర్ చేర్చాలి. 2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్ వద్దనుకున్నాను: ఐదు తూటాలే, పైగా మోయలేనంత బరువు. .44 మాగ్నమ్‌లో అయితే .44 స్పెషల్ కూడా కాల్చుకోవచ్చు, సాధనకు అదే హాయి. కాకపోతే స్పెషల్ కేసు (తూటా ఇత్తడి తొడుగు) పొట్టిది కాబట్టి చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గుంతలో, మసి ఉంగరంలా గట్టిపడుతుంది. బ్రష్‌తో తీయకపోతే మాగ్నమ్ తూటా పూర్తిగా దిగదు.

చూస్తున్నది ఆరంగుళాల బ్యారెల్ ఉన్న డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ లేచి పేలేది). ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే కొలిచాను. చాంబర్లున్న తిరిగే సిలిండర్‌ను వెనక్కి నొక్కిపెడితే బ్యారెల్‌తో సందు 0.007 అంగుళాలు, ముందుకు నొక్కితే 0.004. అంటే సిలిండర్ ముందువెనకలకు కదిలే వదులు 0.003. ఫోర్సింగ్ కోన్‌లో (తూటా ప్రవేశించే బ్యారెల్ వెనక మొదలు) పగుళ్లు లేవు. సందుకు సరిగ్గా పైన ఫ్రేమ్ మీద గోరుకు తగిలే గీత ఉంది, సందులోంచి వచ్చే మంట కోసింది. దాని గురించి పెద్దగా బెంగ లేదు.

నన్ను ఆపుతున్నది వేరు. హ్యామర్‌ను చాలా మెల్లగా లాగితే, అది పూర్తిగా నిలిచాక కూడా ఆరింట్లో ఒక చాంబర్ బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి లాక్ కావడం లేదు, వేలితో కాస్త తోయాలి. వేగంగా లాగితే అన్నీ బాగానే పడుతున్నాయి. ఒక్కదానికే ఇలా అవుతోందంటే సిలిండర్‌ను తిప్పే హ్యాండ్ అరిగిందా, లేక సిలిండర్ వెనక హ్యాండ్ తోసే పళ్ల చక్రం (రాచెట్)లో ఆ పన్ను ఒక్కటే అరిగిందా? వెడల్పైన హ్యాండ్ వేయిస్తే మిగతా ఐదూ బిగుసుకుపోతాయా? ఈ పని చేసినవాళ్లు చెప్పండి.